మీ ప్రశ్న – నా జవాబు: ఎముకలు, గ్రంథుల రక్తపరీక్షల్లో అంకెల్ని జంటగా చదవాలి

పోయిన నెల ఒళ్లునొప్పుల గురించి రాశాక వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా రిపోర్టుల ఫోటోలే. ఒక అంకె పక్కన నక్షత్రం గుర్తు కనిపించగానే నిద్ర మానేసినవాళ్లు ఎందరో. అయితే నన్ను ఎక్కువ కలవరపెట్టినవి ఏ గుర్తూ లేని కొన్ని రిపోర్టులు. అందులో మొదటిది కాస్త ఓపిగ్గా చదవండి, మిగతా జవాబులు దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

ఉత్తరాల్లోకి వెళ్లే ముందు ఒక మాట. రిపోర్టులో కుడి పక్కన ఉండే రేంజ్‌ని మామూలుగా ఎలా గీస్తారంటే, ఆరోగ్యంగా ఉన్న 100 మందిని పరీక్షించి మధ్యలో వచ్చిన 95 మంది అంకెల్ని తీసుకుంటారు. మిగిలిన అయిదుగురూ ఆరోగ్యవంతులే, కానీ రేంజ్ బయట పడతారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని పరీక్షలు 20 ఒకేసారి చేయించుకుంటే, ఏ జబ్బూ లేని మనిషికి కూడా కనీసం ఒక్కటైనా తేడాగా వచ్చే అవకాశం 64 శాతం. కాబట్టి గుర్తు ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, లేనంత మాత్రాన జబ్బు లేనట్టూ కాదు.

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 54 ఏళ్లు. ముట్లుడిగి నాలుగేళ్లయింది. రెండేళ్ల క్రితం కిడ్నీలో రాయి వచ్చి పోయింది. ఈమధ్య నీరసం, మలబద్ధకం, ఏ పని మీదా మనసు నిలవకపోవడం. పరీక్షల్లో కాల్షియం 10.9 వచ్చింది, నెల తర్వాత మళ్లీ చేయిస్తే 11.0. అల్బుమిన్ 4.1. పారాథైరాయిడ్ హార్మోన్ 58, దాని రేంజ్ 15 నుంచి 65 అని ఉంది. విటమిన్ డి 17. కాల్షియం కొద్దిగా ఎక్కువ అంతే, హార్మోన్ నార్మల్‌గానే ఉంది, నీళ్లు బాగా తాగండి అన్నారు. ఊరుకోవచ్చా?

జవాబు: ఊరుకోవద్దమ్మా. మీ 58 నార్మల్ కాదు.

ఎందుకో చెప్తాను. మెడలో థైరాయిడ్ గ్రంథి వెనక గింజంత సైజులో మామూలుగా నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులు ఉంటాయి. వాటికి ఉన్న ముఖ్యమైన పని రక్తంలో కాల్షియంని కనిపెట్టుకుని ఉండటం. కాల్షియం తగ్గితే అవి హార్మోన్ని పెంచుతాయి, ఆ హార్మోన్ ఎముకల్లోంచి కాల్షియం తీయిస్తుంది, మూత్రంలో పోకుండా ఆపుతుంది, కిడ్నీలో విటమిన్ డి ని చురుకైన రూపంలోకి మార్పిస్తుంది. కాల్షియం పెరిగిందా, గ్రంథులు నోరు మూసుకోవాలి. మీ కాల్షియం 11 దగ్గర ఉంది కాబట్టి హార్మోన్ 15 దగ్గరికో, ఇంకా కిందికో పడిపోయి ఉండాల్సింది. 58 దగ్గర నిలబడి ఉందంటే గ్రంథి కాల్షియం మాట వినడం లేదని అర్థం. ఆ 15–65 రేంజ్ గీసింది కాల్షియం సరిగ్గా ఉన్నవాళ్లని పెట్టుకుని, మీలాంటి పరిస్థితిలో ఉన్నవాళ్లకి అది వర్తించదు. రిపోర్టు ప్రింట్ చేసే మెషిన్ ఒక్కో లైన్‌ని విడిగా చూస్తుంది, పై లైన్‌లో ఏముందో దానికి పట్టదు. ఆ రెండు లైన్లనీ కలిపి చదవాల్సింది మేము.

ముందు కాల్షియం నిజంగానే ఎక్కువ ఉందా అన్నది తేల్చుకోవాలి, మీ విషయంలో అది తేలిపోయింది. రక్తంలో కాల్షియం ఇంచుమించు సగం ప్రొటీన్లకి, ముఖ్యంగా అల్బుమిన్‌కి అంటుకుని తిరుగుతుంది, పనిచేసేది విడిగా ఉన్న మిగతా భాగమే. అందుకని అల్బుమిన్ 4 కంటే ఎంత తగ్గితే అంతకి 0.8 చొప్పున కాల్షియంకి కలిపి చూస్తాం. అల్బుమిన్ 3, కాల్షియం 8.2 ఉన్న మనిషి అసలు కాల్షియం 9 అన్నమాట, అంటే నార్మలే. మీ అల్బుమిన్ 4.1, కాబట్టి లెక్కలో పెద్ద తేడా రాదు. చేతికి పట్టీ బిగించి చాలాసేపు ఉంచి రక్తం తీసినా కాల్షియం కాస్త ఎక్కువ చూపిస్తుంది, కానీ మీకు రెండుసార్లూ ఒకేలా వచ్చింది.

ఇది చాలావరకు ప్రైమరీ హైపర్ పారాథైరాయిడిజం. నాలుగు గ్రంథుల్లో ఒకటి, క్యాన్సర్ కాని చిన్న గడ్డగా పెరిగి తన ఇష్టం వచ్చినట్టు హార్మోన్ వదలడం. ముట్లుడిగిన ఆడవాళ్లలో ఎక్కువగా చూస్తాం. ఖాయం చేసుకునే ముందు రెండు విషయాలు చూడాలి. మొదటిది మందులు: బీపీకి వాడే థయజైడ్ మాత్రలు, మూడ్ జబ్బులకి ఇచ్చే లిథియం కూడా ఇదే చిత్రాన్ని తెస్తాయి, మీరు వాడుతుంటే డాక్టర్‌కి చెప్పండి, సొంతంగా మాత్రం ఆపొద్దు. రెండోది 24 గంటల మూత్రంలో కాల్షియం. కొన్ని కుటుంబాల్లో పుట్టుకతోనే కాల్షియం కాస్త ఎక్కువగా, మూత్రంలో పోయేది చాలా తక్కువగా ఉంటుంది. వాళ్లకి ఆపరేషన్ అవసరం లేదు, చేసినా ఉపయోగం ఉండదు. కిడ్నీలో రాయి వచ్చిన మీకు ఇది అయ్యే అవకాశం తక్కువే, అయినా చూసుకోకుండా మెడ మీద కత్తి పెట్టించుకోకూడదు.

తర్వాత ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్, నడుము, తుంటితో పాటు ముంజేతి ఎముకకి కూడా తీయమని అడగండి, ఈ జబ్బు అక్కడి గట్టి ఎముకని ముందు తింటుంది. కిడ్నీలకి అల్ట్రాసౌండ్ కూడా. కిడ్నీలో రాయి ఉండటం, ఎముకలు గుల్లబారటం, వయసు 50 కన్నా తక్కువ ఉండటం, కాల్షియం పై హద్దు కంటే 1 మిల్లీగ్రాము దాటి ఉండటం, కిడ్నీల పనితీరు తగ్గడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆపరేషన్ ఆలోచిస్తాం. మీకు రాయి వచ్చింది కదా, అదొక్కటే చాలు ఆ మాట ఎత్తడానికి.

చాలామంది చేసే పొరపాటు, ముందే మెడ స్కాన్‌కి పరిగెత్తడం. స్కాన్‌లో ఏమీ కనిపించలేదు కాబట్టి జబ్బు లేదనుకుని నాలుగైదేళ్లు పోగొట్టుకున్నవాళ్లని చూశాను. జబ్బు ఉందో లేదో చెప్పేది రక్తం, మూత్రం. స్కాన్ సర్జన్‌కి దారి చూపించే పటం మాత్రమే. ఈ సందర్భంలో నాకెప్పుడూ చార్ల్స్ మార్టెల్ గుర్తొస్తాడు. అమెరికాలో ఓడ కెప్టెన్. ఎముకలు కరిగిపోయి మనిషి ఏడు అంగుళాలు పొట్టి అయ్యాడు. మెడలో ఎన్ని ఆపరేషన్లు చేసినా గడ్డ దొరకలేదు. రక్తంలో కాల్షియం మాత్రం జబ్బు ఉందనే చెబుతూ వచ్చింది. చివరికి 1932లో, ఏడో ఆపరేషన్‌లో, ఛాతీ లోపల దొరికింది. అప్పటికే ఆయన కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయి, కొద్ది వారాలకే కన్నుమూశాడు. ఇప్పుడు అనుభవం ఉన్న సర్జన్ చేతిలో నూటికి 95 మందికి పైగా మొదటి ఆపరేషన్‌తోనే నయమవుతున్నారు.

విటమిన్ డి 17 సంగతి: ఈ జబ్బులో అది తగ్గడం మామూలే. భయపడి వదిలేయకూడదు, అలాగని ఒక్కసారే పెద్ద ఇంజెక్షన్ కూడా వద్దు. కొద్ది మోతాదులో, కాల్షియం చూసుకుంటూ సరిచేయాలి. ఆహారంలో కాల్షియం మానేయకండి. మానేస్తే గ్రంథి ఇంకా రెచ్చిపోతుంది.

ఇదే కాల్షియం 11 తో హార్మోన్ 5 వచ్చి ఉంటే నేను వేరే జవాబు రాసేవాణ్ని. అప్పుడు గ్రంథి తప్పేమీ లేదు, కాల్షియం ఇంకెక్కణ్నుంచో వస్తోందని అర్థం: విటమిన్ డి ఎక్కువైపోవడం, ఊపిరితిత్తుల్లాంటి చోట్ల చిన్న గడ్డలు కట్టే సార్కాయిడోసిస్, టీబీ లాంటివి, కొన్ని క్యాన్సర్లు. అది ఆలస్యం చేయకుండా తేల్చాల్సిన విషయం.

ప్రశ్న: నా వయసు 31. తొడల్లో నొప్పి, మెట్లెక్కాలంటే చేత్తో పట్టుకుని లేవాల్సి వస్తోంది. కాల్షియం 8.6, ఫాస్ఫరస్ 2.1, ఆల్కలైన్ ఫాస్ఫటేస్ 236, పారాథైరాయిడ్ హార్మోన్ 148. విటమిన్ డి 78, ఎక్కువగా ఉందని గుర్తు పెట్టారు, అందుకని వాడుతున్న విటమిన్ డి మాత్రలు ఆపేశాను. హార్మోన్ ఇంత ఉందంటే గడ్డ ఉందేమో అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీరు పంపిన ఫోటో పెద్దది చేసి చూశాను. మీకు చేసింది 1,25 డైహైడ్రాక్సీ విటమిన్ డి. అడగాల్సింది 25 హైడ్రాక్సీ విటమిన్ డి. పేర్లు దగ్గరగా ఉన్నాయి గానీ చెప్పేవి పూర్తిగా వేరు. 25 హైడ్రాక్సీ అంటే ఒంట్లో ఉన్న నిల్వ, రెండు మూడు వారాల పాటు రక్తంలో నిలబడుతుంది. 1,25 అంటే ఆ నిల్వలోంచి కిడ్నీ అప్పటికప్పుడు తయారుచేసి వాడే రూపం, కొన్ని గంటలే ఉంటుంది. నిల్వ అడుగంటినప్పుడు పారాథైరాయిడ్ హార్మోన్ పెరిగి కిడ్నీని తరుముతుంది, దాంతో ఉన్న కాస్త నిల్వ నుంచే చురుకైన రూపం మామూలుగానో, ఇంకా ఎక్కువగానో తయారవుతుంది. అందుకే లోపం బాగా ఉన్న మనిషికి కూడా ఈ పరీక్షలో 'ఎక్కువ' అని రావచ్చు, సరిగ్గా మీకు జరిగింది అదే అని నా అనుమానం.

పై అక్కయ్య రిపోర్టు పక్కన మీది పెట్టి చూడండి. ఆమెకి కాల్షియం ఎక్కువ, హార్మోన్ తగ్గనంటోంది. మీకు కాల్షియం కింది అంచున ఉంది కాబట్టి హార్మోన్ పెరగడం న్యాయమే, గ్రంథి తన పని తాను చేస్తోంది. గడ్డ భయం పెట్టుకోకండి. ఫాస్ఫరస్ తగ్గి, ఎముకల నుంచి, లివర్ నుంచి వచ్చే ఆల్కలైన్ ఫాస్ఫటేస్ అనే ఎంజైమ్ పెరిగి, తొడ కండరాలు బలహీనపడ్డాయంటే ఎముకలు మెత్తబడే ఆస్టియోమలేసియా వైపు చూపిస్తున్నాయి. ఇది మందుకి చక్కగా లొంగే జబ్బు.

ఈ వారంలోనే 25 హైడ్రాక్సీ విటమిన్ డి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చేయించండి. 20 నానోగ్రాముల కన్నా తక్కువైతే లోపం అంటాం, ఆస్టియోమలేసియాలో తరచుగా 10 కన్నా తక్కువ ఉంటుంది. కొన్ని ల్యాబుల్లో నానోమోల్స్‌లో ఇస్తారు, అలా అయితే 2.5తో భాగించి చూసుకోండి, లేకపోతే 40 చూసి బాగుందనుకుంటారు, అది నిజానికి 16. మందు మొదలయ్యాక నొప్పి కొన్ని వారాల్లో తగ్గడం మొదలవుతుంది, ఆల్కలైన్ ఫాస్ఫటేస్ మాత్రం నెలలు పడుతుంది, మొదట్లో కాస్త పెరిగినా కంగారు వద్దు, ఎముక గట్టిపడుతున్నప్పుడు అలాగే ఉంటుంది. మూడు నెలలకి మళ్లీ చూడాలి. మాత్రలు సరిగ్గా వాడినా అంకె కదలకపోతే పేగుల్లో పీల్చుకోవడంలో లోపం ఉందేమో వెతకాలి. విటమిన్ డి స్థాయి బాగుండి కూడా ఫాస్ఫరస్ ఇలాగే తక్కువగా ఉంటే అది వేరే కథ, కిడ్నీల గుండా ఫాస్ఫరస్ పోతోందేమో చూడాలి.

ప్రశ్న: మా అబ్బాయికి 13 ఏళ్లు. జ్వరం వస్తే చేసిన పరీక్షల్లో ఆల్కలైన్ ఫాస్ఫటేస్ 390. పెద్దవాళ్ల రేంజ్ 120 వరకే ఉంది. లివర్ పాడైందా?

జవాబు: లేదు. ఎత్తు పెరుగుతున్న వయసులో ఎముకల నుంచి ఈ ఎంజైమ్ బోలెడంత వస్తుంది, పెద్దవాళ్ల కన్నా రెండు మూడు రెట్లు ఉండటం మామూలే. పిల్లలకి వయసువారీ రేంజ్ వేరే ఉంటుంది, మీ రిపోర్టులో పెద్దవాళ్లది అచ్చయింది. లివర్ అనుమానం తీరాలంటే గామా జీటీ చూడండి, అది ఎముకల్లోంచి రాదు. బాబుకి కాళ్లు వంకరపోవడం, ఎముకల నొప్పి, నడకలో తేడా లాంటివి లేకపోతే ఇంకేమీ చేయించనక్కర్లేదు.

ఈ ఎంజైమ్ ఎక్కువైతే అందరూ చూస్తారు, మరీ తక్కువైతే ఎవరూ చూడరు. పెద్దవాళ్లలో ఎప్పుడు చేసినా 25, 30 దగ్గరే ఉండి, పాదం ఎముకలు ఊరికే చిట్లుతూ, పళ్లు తొందరగా ఊడిపోయిన చరిత్ర ఉంటే హైపోఫాస్ఫటేసియా అనే అరుదైన జన్యు జబ్బుని గుర్తు చేసుకోవాలి. అలాంటివారికి ఎముకలు గుల్లబారాయనుకుని బిస్ఫాస్ఫొనేట్ మందులు ఇస్తే మేలు కన్నా కీడు ఎక్కువ.

ప్రశ్న: నాకు 38. జుట్టు రాలుతోందని థైరాయిడ్ చేయించుకుంటే టీఎస్‌హెచ్ 0.04, ఫ్రీ టీ4 బాగా ఎక్కువ అని వచ్చింది. థైరాయిడ్ ఎక్కువైంది, మాత్రలు మొదలుపెట్టాలి అన్నారు. నాకు గుండెదడ లేదు, బరువు తగ్గలేదు, చేతులు వణకడం లేదు. జుట్టు కోసం మూడు నెలలుగా 10 మిల్లీగ్రాముల బయోటిన్ వేసుకుంటున్నాను, దానికీ దీనికీ సంబంధం ఉంటుందా?

జవాబు: ఉంది. అడిగినందుకు సంతోషం. మాత్రలు మొదలుపెట్టకండి, బయోటిన్ ఆపి కనీసం మూడు రోజులాగి అదే పరీక్ష మళ్లీ చేయించండి.

హార్మోన్లు రక్తంలో ఎంత సూక్ష్మంగా ఉంటాయంటే మామూలు రసాయన పద్ధతుల్లో అందవు. రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ అనే ఇద్దరు యాంటీబాడీలతో వాటిని కొలిచే దారి కనిపెట్టారు, అందుకే యాలోకి 1977లో నోబెల్ వచ్చింది, బెర్సన్ అప్పటికే పోయారు. ఇప్పటి మెషిన్లలో చాలావాటిలో ఆ యాంటీబాడీలని పట్టి ఉంచడానికి బయోటిన్‌నే బంకలా వాడతారు. మీ రక్తంలో విడిగా బయోటిన్ నిండి ఉంటే లెక్క తప్పుతుంది, థైరాయిడ్‌ని నడిపించే టీఎస్‌హెచ్ తక్కువగానూ, థైరాయిడ్ వదిలే టీ4 ఎక్కువగానూ కనిపిస్తుంది, అచ్చం థైరాయిడ్ ఎక్కువైనట్టే. ఒంటికి రోజుకి కావాల్సిన బయోటిన్ 30 మైక్రోగ్రాములు. మీరు వేసుకుంటున్నది దానికి 300 రెట్లకి పైనే. ఇదే బయోటిన్ పారాథైరాయిడ్ హార్మోన్ని కూడా తక్కువగా చూపించగలదు, గుండెపోటు తెలుసుకునే ట్రోపోనిన్‌నీ తక్కువ చూపించగలదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించింది. అందుకని ఏ పరీక్షకి వెళ్లినా జుట్టుకి, గోళ్లకి వాడే మాత్రల పేరు కూడా చెప్పండి.

మళ్లీ చేసినా 0.04 వస్తే అప్పుడు అది నిజమే, వదిలేయకూడదు. థైరాయిడ్ ఎక్కువ రోజులు ఎక్కువగా ఉంటే గుండె లయ తప్పడంతో పాటు ఎముక కూడా కరుగుతుంది.

ప్రశ్న: మధ్యాహ్నం నాలుగున్నరకి చేయించిన కార్టిసాల్ 4.2 వచ్చింది. ఎడ్రినల్ గ్రంథి పనిచేయడం లేదా? నా వయసు 29, ఎప్పుడూ అలసటగా ఉంటుంది.

జవాబు: ఆ టైముకి 4.2 అంటే ఏమీ తేలదు. కిడ్నీల మీద ఉండే ఎడ్రినల్ గ్రంథులు వదిలే కార్టిసాల్ హార్మోన్ తెల్లవారుజామున ఎక్కి, అర్ధరాత్రికి అడుగుకి దిగుతుంది. ఉదయం 8 గంటలకి చేయించండి. అప్పుడు 3 కన్నా తక్కువైతే గట్టిగా అనుమానించాలి, 15 దాటితే దాదాపు భయం లేదు, మధ్యలో అయితే ఆ గ్రంథిని పనిచేయించే ఏసీటీహెచ్ హార్మోన్ ఇంజెక్షన్ ఇచ్చి చేసే పరీక్ష ఉంది. ఉబ్బసానికి ఇన్‌హేలర్, కీళ్లలోకి ఇంజెక్షన్, చర్మానికి పూత, ఏ రూపంలోనైనా స్టీరాయిడ్ వాడుతుంటే అది ముందు చెప్పాలి, గ్రంథిని నిద్రపుచ్చేది చాలాసార్లు అదే. అలాగని హఠాత్తుగా ఆపడం ప్రమాదం.

ప్రశ్న: మా అమ్మకి 71. ఇంట్లోనే కాలు జారి పడితే తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది. కాల్షియం, ఫాస్ఫరస్, విటమిన్ డి అన్నీ నార్మల్. ఎముకలు బాగానే ఉన్నాయి, పడటం వల్లే విరిగిందన్నారు. అంతేనా అండీ?

జవాబు: అంతే కాదు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే దీనివల్ల మందు అందకుండా పోతుంది. ఎముకలు గుల్లబారే ఆస్టియోపొరోసిస్‌లో రక్తపరీక్షలు నార్మల్‌గానే ఉంటాయి. రక్తంలో కాల్షియం తగ్గనివ్వకుండా ఒళ్లు ఎముకల్లోంచి తీసి సర్దుతూనే ఉంటుంది, అందుకే రక్తంలో కాల్షియం చూసి ఎముక బలం చెప్పలేం. ఎముక సాంద్రత చెప్పేది డెక్సా, దానిలో టీ స్కోరు మైనస్ 2.5 లేదా అంతకన్నా తక్కువైతే జబ్బు ఉన్నట్టు. కానీ నిలబడ్డ ఎత్తు నుంచి పడి తుంటి విరిగిందంటే డెక్సా ఏం చెప్పినా అది ఆస్టియోపొరోసిసే. గట్టి ఎముక అంత మాత్రానికి విరగదు.

మరి రక్తపరీక్షలు ఎందుకంటే, వెనక ఇంకేదైనా జబ్బు దాక్కుని ఉందేమో చూడటానికి: థైరాయిడ్, పారాథైరాయిడ్, కిడ్నీలు, ఈ వయసులో మల్టిపుల్ మైలోమా అనే ఎముక మజ్జ క్యాన్సర్ కోసం, రక్తంలో ప్రొటీన్లని విడదీసి చూసే ప్రొటీన్ ఎలక్ట్రోఫోరెసిస్. జింక్, మెగ్నీషియంతో పాటు 60 పరీక్షల ప్యాకేజీ అక్కర్లేదు. ఆల్కలైన్ ఫాస్ఫటేస్ ఇప్పుడు చూస్తే విరిగిన ఎముక అతుక్కుంటోంది కాబట్టి పెరిగే ఉంటుంది, దాన్ని పట్టించుకోకండి. ఎముక అరుగుదల చూపించే సీటీఎక్స్ చేయిస్తే పొద్దున్నే పరగడుపున ఇవ్వాలి, అది కూడా ఎముక విరిగాక కొన్ని నెలలపాటు ఎక్కువగానే వస్తుంది.

డాక్టర్ గారిని సూటిగా అడగండి: అమ్మకి ఎముకల మందు ఎప్పుడు మొదలుపెడుతున్నారు అని. ఒకసారి విరిగినవాళ్లకి మొదటి రెండేళ్లలోనే మళ్లీ విరిగే ప్రమాదం ఎక్కువ. ఏడాదికొక ఇంజెక్షన్ ఇచ్చేటట్టయితే దానికి ముందు కాల్షియం, విటమిన్ డి, క్రియాటినిన్ సరిగ్గా ఉన్నాయని చూసుకోవాలి.

ప్రశ్న: థైరాయిడ్ మొత్తం తీసేసి మూడు రోజులైంది. పెదాల చుట్టూ, వేళ్ల కొసల్లో చీమలు పాకినట్టు ఉంటోంది. కాల్షియం 7.4, పారాథైరాయిడ్ హార్మోన్ 6. ఇంటికి పంపించేశారు, రెండు వారాల తర్వాత రమ్మన్నారు.

జవాబు: వీరికి ఉత్తరం అందిన రోజే ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్లమని చెప్పాను, వెళ్లారు. ఇలాంటి పరిస్థితిలో ఉన్న మిగతావాళ్ల కోసం ఇక్కడ వేస్తున్నాను. థైరాయిడ్ తీసేటప్పుడు వెనకున్న పారాథైరాయిడ్‌లకి రక్తం అందక అవి కొన్నాళ్లు మూగబోతాయి. ఆపరేషన్ అయిన రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కాల్షియం బాగా పడిపోతుంది. తిమ్మిర్లు మొదలైతే రెండు వారాలు ఆగకూడదు, అదే రోజు కాల్షియం చూపించుకోవాలి. చేతులు కొంకర్లు పోయినా, గొంతు బిగిసినట్టయినా, ఫిట్స్ వచ్చినా వెంటనే ఎమర్జెన్సీకే.

మెగ్నీషియం కూడా చూడమనండి, అది తక్కువగా ఉంటే ఎంత కాల్షియం ఇచ్చినా అంకె లేవదు. మందుగా కాల్షియంతో పాటు విటమిన్ డి చురుకైన రూపమైన కాల్సిట్రయోల్ ఇస్తారు. మామూలు విటమిన్ డి ఒక్కటే ఇక్కడ చాలదు, ఎందుకంటే దాన్ని కిడ్నీలో చురుకైన రూపంలోకి మార్పించే హార్మోనే ఇప్పుడు లేదు. కాల్షియం మాత్రకి, థైరాయిడ్ మాత్రకి మధ్య నాలుగు గంటలు ఎడం పెట్టండి, లేకపోతే థైరాయిడ్ మందు ఒంటికి పట్టదు. చాలామందికి కొన్ని వారాల నుంచి నెలల్లో గ్రంథులు తేరుకుంటాయి. అప్పటిదాకా కాల్షియంని రేంజ్‌లో కింది అంచు దగ్గరే ఉంచుతాం, అది చూసి తక్కువైందని మీరు సొంతంగా మాత్రలు పెంచుకోవద్దు, ఆ హార్మోన్ లేనప్పుడు ఎక్కువైన కాల్షియం మూత్రంలోకి దిగి రాళ్లు కడుతుంది.